పాత వీ8 కారును రోడ్డుకూ డ్రాగ్ స్ట్రిప్‌కూ సిద్ధం చేయడం: ఏ పని ముందు, ఏది తరువాత

పాత కారు చేతికి రాగానే అందరి కళ్లూ ఇంజిన్ మీదే పడతాయి. పెద్ద కార్బొరేటర్, వాల్వులు తెరిచే పెద్ద క్యామ్, మెరిసే ఎగ్జాస్ట్ పైపులు వచ్చేస్తాయి. బ్రేకు గొట్టాలు మాత్రం కారు పుట్టినప్పటివే ఉంటాయి. అలాంటి కారు రోడ్డు మీద కన్నా షెడ్డులోనే ఎక్కువ కాలం గడుపుతుంది.

ఇక్కడ చెప్పే వరుస వేరు. కారు ముందు ఆగాలి, తరువాత తిన్నగా పోవాలి, వేడెక్కకుండా నిలబడాలి. వేగం సంగతి ఆ తరువాత. ఉదాహరణకు 1960, 70ల నాటి ఇంజిన్ బలం వెనుక చక్రాలకు అందే అమెరికన్ కారును, అందులో 350 క్యూబిక్ అంగుళాల (5.7 లీటర్ల) షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8ను (ఎనిమిది సిలిండర్లు వీ ఆకారంలో ఉండే ఇంజిన్) తీసుకున్నాం. వేరే ఇంజిన్ అయితే అంకెలు మారతాయి కానీ పనుల వరుస ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ కారు రోడ్డు మీద నడవడానికి, డ్రాగ్ స్ట్రిప్ (తిన్నటి పావు మైలు పందెం బాట) మీద పందెం వేయడానికి. రోడ్డు మీద పందెం వేయడానికి కాదు. ఎదురుగా వచ్చేవాళ్లకు మీ పందెంతో సంబంధం లేదు.

1. లక్ష్యాన్ని కాగితం మీద పెట్టండి

పావు మైలు (402 మీటర్లు) ఎన్ని సెకన్లలో దాటాలనుకుంటున్నారో ముందే రాసుకోండి. ఖర్చూ, కారు రూపమూ ఆ అంకెను బట్టే తేలతాయి. అమెరికాలో డ్రాగ్ రేసింగ్ నిబంధనలు రూపొందించే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ లెక్కలో ఈ తరం కార్లకు మెట్లు ఇలా ఉంటాయి:

- 13.99 సెకన్లు, అంతకన్నా వేగం: హెల్మెట్ తప్పనిసరి. స్లిక్ (గాడులు లేని) టైర్లు వాడితే డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (అది విరిగితే నేలకు పడకుండా పట్టే పట్టీ) కూడా.
- 11.49, అంతకన్నా వేగం: రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాచే ఇనుప కమాను), రేసింగ్ బెల్టులు.
- 9.99, అంతకన్నా వేగం: పూర్తి రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఇనుప గొట్టాల చట్రం).

రోజూ నడపాల్సిన కారుకు 12 నుంచి 13 సెకన్ల మధ్య ఆగడం మంచిదని మా గట్టి అభిప్రాయం. రోల్ కేజ్ గొట్టాలు తలకు దగ్గరగా ఉంటాయి. స్ట్రిప్ మీద హెల్మెట్ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. రోడ్డు మీద చిన్న ప్రమాదంలో కూడా వట్టి తల ఆ ఇనుముకే తగులుతుంది.

2. కారు నాడి చూడండి

భాగాలు కొనకముందు ఒక రోజంతా పరీక్షలకే కేటాయించండి.

తుప్పుతో మొదలుపెట్టండి. పాత స్క్రూడ్రైవర్ తీసుకుని ఫ్లోరు, ఫ్రేము పట్టాలు, కమాను పట్టీలు బిగించే చోట్లు, డిక్కీ అంచులు పొడిచి చూడండి. గట్టి రేకు టంగుమంటుంది. పుట్టీ నింపిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అయస్కాంతం పట్టు తప్పిన చోట కూడా పుట్టీ ఉన్నట్టే.

తరువాత కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ విప్పాలి, ఇగ్నిషన్ తీగ తీసేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. ఒక్కో సిలిండర్‌కు ఐదారు కొట్టుళ్లు పడేదాకా సెల్ఫ్ కొట్టి రీడింగ్ రాసుకోండి. ఎక్కువ, తక్కువ రీడింగుల మధ్య తేడా 10–15 శాతం దాటకూడదు.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో లోపం.

లీక్‌డౌన్ మీటర్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూపేది) దొరికితే ఇంకా మేలు. గాలి ఎటు పోతోందో చెవితోనే తెలిసిపోతుంది:

- కార్బొరేటర్‌లో బుసబుస: ఇన్‌టేక్ వాల్వు
- సైలెన్సర్ గొట్టంలో: ఎగ్జాస్ట్ వాల్వు
- ఆయిల్ పోసే మూత దగ్గర: రింగులు
- రేడియేటర్‌లో బుడగలు: హెడ్ గ్యాస్కెట్ లేదా చీలిన హెడ్

లీకు 10 శాతం లోపు అయితే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. 20 దాటితే దాని మీద కొత్త భాగాలు పెట్టడం డబ్బు దండగ.

3. తుప్పు, బాడీ

వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకు దించి కారుకు దూరంగా పెట్టండి, బ్యాటరీ తీగలు విప్పండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. ట్యాంకును ఎవరు చెప్పినా వెల్డ్ చేయవద్దు.

తలుపుల కింది రాకర్ ప్యానెల్ కోయాల్సి వస్తే, ముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప కడ్డీలు టాక్ (చుక్క వెల్డింగుతో తాత్కాలికంగా అతికింపు) చేయండి. కారు బరువు సస్పెన్షన్ మీదే ఉండాలి. మధ్యలో జాకీ మీద వేలాడదీసి కోస్తే బాడీ వంగిపోతుంది. అన్నీ అతికాక తలుపు మూతపడదు, అప్పుడు మళ్లీ మొదటికి రావాలి.

ప్రత్యేక ఫ్రేము లేని కారుకు ముందు, వెనుక పట్టాలను కలిపే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు వేయించండి. లేకపోతే స్ట్రిప్ మీద ఎగిసిన ప్రతిసారీ బాడీ మెలి తిరుగుతుంది. పెయింటు చివరి పని. మెకానిక్ పనులన్నీ అయ్యాకే దాని ఊసెత్తండి.

4. బ్రేకులు: ఇక్కడ సర్దుబాటు లేదు

1967కు ముందు చాలా అమెరికన్ కార్లలో, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు ఒకే గది ఉండేది. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. మీ కారులో అదే ఉంటే మొట్టమొదట రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేయండి. ముందు చక్రాలకు డిస్కులు పెట్టుకోవడం కూడా అప్పుడే.

రబ్బరు గొట్టాలు బయటికి బాగానే కనిపిస్తాయి. లోపల మాత్రం ఉబ్బి, దారి సన్నబడి ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ముందుకు పోతుంది, వదిలితే వెనక్కి రాదు. చక్రం పట్టేసినట్టుగా తిరుగుతుంది. మెకానిక్‌లు కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) మారుస్తారు, అయినా తగ్గదు. కాలిపర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి తీసే మర) వదులు చేస్తే చక్రం స్వేచ్ఛగా తిరిగి, మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేసినప్పుడు తిరగకపోతే, దోషం గొట్టానిదే. అసలు మూడు గొట్టాలనూ చూడకుండానే మార్చేయడం ఉత్తమం.

డ్రమ్ముల నుంచి డిస్కులకు మారేటప్పుడు తరచూ మరిచిపోయేది పాత రెసిడ్యువల్ వాల్వు. డ్రమ్ముకు కావలసిన సుమారు 10 పీఎస్‌ఐ ఒత్తిడిని అది లైనులో నిలిపి ఉంచుతుంది. డిస్కు ప్యాడ్లను అదే ఒత్తిడి కాల్చేస్తుంది. ముందు డిస్కు, వెనుక డ్రమ్ము ఉన్న కారుకు ప్రపోర్షనింగ్ వాల్వు (వెనుక బ్రేకులకు ఒత్తిడి తగ్గించేది) కూడా కావాలి. అది లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనుక చక్రాలు ముందే పట్టేసి కారు అడ్డం తిరుగుతుంది.

బ్రేకు లైనుల్లో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. డాట్ 3 లేదా డాట్ 4 వాడండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో ఎప్పుడూ కలపవద్దు.

పెడల్ ఏం చెబుతోందో వినండి:

- నెమ్మదిగా కిందికి దిగిపోతోంది, ఎక్కడా కారడం లేదు: మాస్టర్ సిలిండర్ లోపలి సీలు
- రెండు మూడుసార్లు తొక్కితే పైకి వస్తోంది: గాలి ఉంది, లేదా డ్రమ్ము అడ్జస్ట్‌మెంట్ లేదు
- గట్టిగా ఉంది కానీ కారు ఆగడం లేదు: పెడల్ బరువు తగ్గించే బూస్టర్‌కు వాక్యూమ్ చాలడం లేదు
- కారు ఒక పక్కకు లాగుతోంది: పట్టేసిన కాలిపర్, లేదా ఉబ్బిన గొట్టం

ముందు చక్రాల టేపర్ బేరింగులను చక్రం తిప్పుతూ 12 ఫుట్-పౌండ్లకు బిగించి, పూర్తిగా వదిలి, మళ్లీ చేతివేళ్లతో మాత్రమే బిగించి కాటర్ పిన్ వేయండి. స్పానర్‌తో బిగుతుగా వదిలేసిన బేరింగు కాలిపోతుంది.

5. పెట్రోలు, నీళ్లు, కరెంటు

ఏళ్ల తరబడి నిలిచిన కారు ట్యాంకులో తుప్పు, జిగురు ఉంటాయి. కొత్త ఫిల్టరు పెట్టి సరిపెట్టుకుంటే రెండు రోజుల్లో మూసుకుపోతుంది. ట్యాంకు మార్చండి లేదా పూర్తిగా శుభ్రం చేయించండి. ఈ స్థాయి ఇంజిన్‌కు 3/8 అంగుళం పైపు సరిపోతుంది. కార్బొరేటర్ దగ్గర ఒత్తిడి 6–7 పీఎస్‌ఐ మించితే సూది వాల్వు ఆపలేదు, పెట్రోలు పొంగుతుంది.

ఎలక్ట్రిక్ పంపు పెడితే ట్యాంకుకు దగ్గరగా, వీలైనంత కిందికి బిగించండి. అది తోయడంలో గట్టిది, లాగడంలో బలహీనం. కరెంటును రిలే ద్వారా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ మీదుగా ఇవ్వండి. ప్రమాదంలో ఇంజిన్ ఆగితే పంపు కూడా ఆగాలి.

కూలింగ్‌కు 180 డిగ్రీల ఫారెన్‌హీట్ (82 సెల్సియస్) థర్మోస్టాట్, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలిని మళ్లించే తొడుగు), గట్టి రేడియేటర్ మూత కావాలి. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందన్నది పాత అపోహ. సిగ్నల్ దగ్గర నిలిచినప్పుడు వేడెక్కితే ఫ్యాన్ వైపు చూడండి, వేగంలో వేడెక్కితే రేడియేటర్ వైపు.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే మోటారు మార్చే ముందు ఎర్త్ చూడండి. సెల్ఫ్ కొడుతుండగా మల్టీమీటర్ ఒక ముల్లు ఇంజిన్ బ్లాకు మీద, రెండోది బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ తీగే దోషి.

6. ఇంజిన్, కన్వర్టర్, క్రౌన్-పినియన్: ముగ్గురికీ పొత్తు కుదరాలి

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఒక్కో భాగం విడిగా గొప్పదే, కలిపితే కారు నెమ్మదిగా పోతుంది. పెద్ద క్యామ్ వేస్తే తక్కువ ఆర్‌పీఎంలో బలం పోతుంది. దానికి తగ్గట్టు కన్వర్టర్ స్టాల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులోని టార్క్ కన్వర్టర్ గట్టిగా పట్టు అందుకునే ఆర్‌పీఎం) పెరగకపోతే కారు కదలడమే కష్టం. వెనుక గేరు (క్రౌన్-పినియన్) రేషియో మారకపోతే క్యామ్ పనిచేసే ఆర్‌పీఎంకు ఇంజిన్ చేరేసరికి స్ట్రిప్ అయిపోతుంది.

కార్బొరేటర్ సైజుకు సూత్రం: క్యూబిక్ అంగుళాలను గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగించాలి. 350 ఇంజిన్‌కు 6000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 608 సీఎఫ్ఎం (నిమిషానికి క్యూబిక్ అడుగుల గాలి) వస్తుంది. కాబట్టి 600–650 చాలు. 850 పెడితే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టు తడబడుతుంది. బరువైన ఆటోమేటిక్ కారుకు వాక్యూమ్ సెకండరీలు (ఇంజిన్ లాగుడును బట్టి తెరుచుకునే రెండో జత నాళాలు) మంచివి.

మా లెక్కలో రోడ్డుకూ స్ట్రిప్‌కూ నప్పే జత ఇది: 0.050 అంగుళం లిఫ్ట్ దగ్గర 220–230 డిగ్రీల (వాల్వు తెరిచి ఉండే వ్యవధి) క్యామ్, ఇనుప హెడ్లతో 9.5 కంప్రెషన్, 2400–2800 స్టాల్ కన్వర్టర్, 3.55 నుంచి 3.73 వెనుక గేరు. విడిగా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ తప్పదు. ఎక్కువ స్టాల్ కన్వర్టర్ ఆయిల్‌ను బాగా వేడి చేస్తుంది.

గేరు ఎంచుకునే ముందు హైవే లెక్క కట్టండి. 26 అంగుళాల టైరు, ఇంజిన్ వేగం తగ్గించే పై గేరు, అంటే ఓవర్‌డ్రైవ్ లేని గేర్‌బాక్సు, గంటకు 100 కిలోమీటర్లు అనుకుంటే:

- 3.08 రేషియో: సుమారు 2500 ఆర్‌పీఎం
- 3.73: సుమారు 3000
- 4.10: సుమారు 3300

4.10తో రెండు గంటలు నడిపి చూస్తే ఆ చెవి హోరుకు కారు అమ్మేయాలనిపిస్తుంది.

పెద్ద క్యామ్ వల్ల ఐడిల్‌లో వాక్యూమ్ 16 అంగుళాల (పాదరసం) కన్నా తగ్గితే బ్రేకు బూస్టర్ సరిగా పనిచేయదు. ముందు చెప్పిన గట్టి పెడల్‌కు ఇదొక కారణం. వాక్యూమ్ రిజర్వాయర్ గానీ పంపు గానీ పెట్టండి.

7. కొత్త క్యామ్ మొదటి అరగంట

ఇల్లు అలకగానే పండుగ కాదు. ఫ్లాట్ టాపెట్ క్యామ్ (గుబ్బల మీద చదునైన టాపెట్లు జారే రకం) బతుకు మొదటి అరగంటలోనే తేలిపోతుంది. క్యామ్ మీద ఆయిల్ పడేది ప్రధానంగా క్రాంక్ తిరిగే విసురుకే. ఐడిల్‌లో ఆ విసురు చాలదు. టాపెట్ గుండ్రంగా తిరగడం ఆగిందంటే క్యామ్ గుబ్బ అరిగి, ఆ ఇనుప రజను బేరింగుల్లోకి పోతుంది.

1. క్యామ్ గుబ్బలకు, టాపెట్ అడుగుకు ప్రత్యేక పేస్టు పూయండి. జింక్ ఎక్కువగా ఉన్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోయండి. జంట వాల్వు స్ప్రింగులైతే లోపలివి తాత్కాలికంగా తీసేయండి.

2. హైడ్రాలిక్ టాపెట్ సర్దేటప్పుడు పుష్‌రాడ్‌ను పైకీ కిందికీ కదిపి ప్లే పోయిన క్షణాన్ని పట్టుకోండి, అక్కడి నుంచి అర చుట్టు బిగించండి. వేళ్ల మధ్య తిప్పుతూ చూస్తే మోసపోతారు, ప్లే ఎప్పుడో పోయి ఉంటుంది.

3. డిస్ట్రిబ్యూటర్ తీసి, డ్రిల్లుకు ప్రైమింగ్ కడ్డీ బిగించి ఆయిల్ పంపును తిప్పండి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ దారిని డిస్ట్రిబ్యూటర్ ఒంటి భాగమే మూస్తుంది. అందుకే కాలర్ ఉన్న ప్రైమింగ్ టూలే వాడాలి, లేకపోతే పైకి ఆయిల్ చేరదు. మధ్యమధ్య క్రాంక్‌ను పావు చుట్టు తిప్పుతూ, పదహారు రాకర్ల దగ్గరా ఆయిల్ వచ్చేదాకా ఆపవద్దు.

4. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు, రేడియేటర్‌లో నీళ్లు ఉండాలి, టైమింగ్ (ప్లగ్గులో నిప్పు పడే సమయం) దాదాపు సరిగ్గా ఉండాలి. ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే క్యామ్ మీది పేస్టు తుడిచిపెట్టుకుపోతుంది.

5. స్టార్ట్ కాగానే 2000 ఆర్‌పీఎంకు ఎక్కించండి. 2000–2500 మధ్య మారుస్తూ 20–30 నిమిషాలు నడపండి. ఎక్కడైనా కారితే ఐడిల్‌కు దించకండి. ఇంజిన్ పూర్తిగా ఆపి, సరిచేసి, మళ్లీ అదే ఆర్‌పీఎంతో కొనసాగించండి.

6. వెంటనే ఆయిలూ ఫిల్టరూ మార్చండి. పాత ఫిల్టరు కోసి కాగితం మడతలు వెలుతురులో చూడండి. సన్నటి బూడిదరంగు మరక మామూలే. మెరిసే పలుకులు కనిపిస్తే క్యామ్ విప్పాల్సిందే.

8. టైమింగ్: ముందు గుర్తును నమ్మవచ్చో లేదో తేల్చుకోండి

పాత కారులో క్రాంక్ బ్యాలెన్సర్ రెండు ఉంగరాల మధ్య రబ్బరు ఉంటుంది. అది గట్టిపడి బయటి ఉంగరం జారిపోతుంది, టైమింగ్ గుర్తు దానితోపాటే జరుగుతుంది. టైమింగ్ లైట్ వేసి ఎంత జాగ్రత్తగా పెట్టినా ఆ టైమింగ్ తప్పే.

పరీక్ష సులువు. ప్లగ్గులన్నీ తీసి, ఒకటో సిలిండర్‌లో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను దారిలో ఆపే మర) బిగించండి. క్రాంక్‌ను చేత్తో, రెంచ్‌తో తిప్పండి, సెల్ఫ్ ముట్టుకోవద్దు. పిస్టన్ తగిలిన చోట సున్నా గీతకు ఎదురుగా బ్యాలెన్సర్ మీద ఒక గీత గీయండి. ఇప్పుడు రెండో వైపుకు తిప్పి, తగిలిన చోట ఇంకో గీత. రెండింటి నట్టనడుమే అసలు టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ ఎక్కే పై కొస). పాత గుర్తు అక్కడ లేకపోతే బ్యాలెన్సర్ మార్చండి.

36 డిగ్రీల గుర్తు కూడా గీసుకోండి. 8 అంగుళాల బ్యాలెన్సర్ మీద అది 64 మిల్లీమీటర్ల దూరం.

డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం విప్పి, కొన మూసి, ఐడిల్‌లో 10–14 డిగ్రీలు, 3000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం 34–36 డిగ్రీలు వచ్చేలా సర్దండి. వాక్యూమ్ అడ్వాన్స్‌ను తరువాత కలపండి. రోడ్డు మీద చల్లదనం, మైలేజీ దానివల్లే. ఇంజిన్ మీద భారం పడినప్పుడు గలగలమని శబ్దం వస్తే 2 డిగ్రీలు వెనక్కి తీయండి, అంతకుముందు యాక్సిలరేటర్ వదిలేయండి. ఆ శబ్దంతో ఒక్క పరుగు తీసినా పిస్టన్ పగలవచ్చు.

వైడ్‌బ్యాండ్ మీటరులో (గాలి, పెట్రోలు నిష్పత్తి చూపేది) ఫుల్ థ్రాటిల్ దగ్గర 12.5–12.8 కనిపించాలి. కార్బొరేటర్ జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాలు) మార్చేది టైమింగ్ తేలాకే.

9. బలాన్ని నేలకు దించడం

కమాను పట్టీల కారు ఎగిసినప్పుడు ఇరుసు మెలి తిరిగి పట్టీ ఎస్ ఆకారానికి వంగుతుంది. అది వదలగానే చక్రం ఎగిరెగిరి పడుతుంది. యూ-జాయింట్లు, క్రౌన్-పినియన్ విరిగేది ఆ కుదుపుకే. ఇరుసు మెలి తిరగకుండా ఆపే ట్రాక్షన్ బార్లు వేయండి, ఎండిన బుష్‌లు మార్చండి. చక్రం గెంతుతుంటే ఆ పరుగు అక్కడే వదిలేయండి.

రెండు చక్రాలూ కలిసి లాగడానికి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కావాలి. కొత్త క్రౌన్-పినియన్‌కు మొదట 15–20 నిమిషాల మెల్లని ప్రయాణం, పూర్తిగా చల్లారడం, ఇలా కొన్నిసార్లు. మొదటి 800 కిలోమీటర్లు స్ట్రిప్ మాట వద్దు.

డ్రాగ్ రేడియల్ టైర్లు స్ట్రిప్ మీద బాగా పట్టుకుంటాయి, వానలో జారతాయి. వాటిని స్ట్రిప్‌కు వేరే చక్రాల మీద తీసుకెళ్లండి. ఏ టైరుకైనా పక్కన ఉన్న నాలుగంకెల తయారీ గుర్తు చూడండి, మొదటి రెండు వారం, తరువాతి రెండు ఏడాది. గాడి లోతుగా ఉన్నంత మాత్రాన పాత టైరు మంచిది కాదు.

10. స్ట్రిప్‌కు ముందు రోజు

- వీల్ నట్టు మరలోకి స్టడ్ మందమంత లోతైనా దిగాలి
- యాక్సిలరేటర్ వెనక్కి లాగే స్ప్రింగు గట్టిగా ఉండాలి
- బ్యాటరీ కదలకూడదు; డిక్కీలోకి మార్చి ఉంటే బయట వెనుక వైపు కటాఫ్ స్విచ్, అది నొక్కితే ఇంజిన్ ఆగాలి
- రేడియేటర్‌కు కనీసం 473 మిల్లీలీటర్ల క్యాచ్ డబ్బా
- ఎక్కడా చుక్క కారకూడదు: రాత్రంతా కారు కింద అట్టపెట్టె పరిచి ఉంచండి
- కారులో వదులు వస్తువులు, స్టెపినీ, మ్యాట్లు తీసేయండి

11. స్ట్రిప్ మీద

రోడ్డు టైర్లతో బర్నౌట్ (టైర్లను తిప్పి వేడి చేయడం) కోసం పోసిన నీళ్లలోకి పోకండి, పక్కనుంచి తిరిగి వెళ్లండి. గాడుల్లో నీళ్లు పట్టుకుని స్టార్టింగ్ గీత దాకా వస్తాయి.

మొదటి పరుగు 1500 ఆర్‌పీఎం నుంచి మెత్తగా వదలండి. ప్రతి పరుగుకూ ఒక్క మార్పే: 200 ఆర్‌పీఎం, లేదా టైరులో ఒకటి రెండు పీఎస్‌ఐ. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. ఇంజిన్ వేడి ప్రతిసారీ ఒకేలా ఉండేలా చూసుకోండి.

టైమ్ స్లిప్‌లో (పరుగు తరువాత ఇచ్చే చీటీలో) ముందు 60 అడుగుల సమయం, అంటే మొదటి 60 అడుగులు దాటిన సమయం చూడండి. అక్కడ 0.1 సెకను తగ్గితే పావు మైలులో దాదాపు 0.15 నుంచి 0.2 తగ్గుతుంది. చివరి వేగం ఇంజిన్ బలాన్ని చెబుతుంది. వేగం బాగుండి మొత్తం సమయం ఎక్కువైతే లోపం టైర్లలో, సస్పెన్షన్‌లో. వేగం తగ్గి, సమయం కూడా ఎక్కువైతే టైమింగ్, పెట్రోలు వైపు వెళ్లండి. లైటు చూసి ఆలస్యంగా కదిలినా మీ సమయం పాడవదు. ముందు చక్రం స్టేజ్ గీత (స్టార్టింగ్ చోటి కాంతి కిరణం) దాటాకే గడియారం మొదలవుతుంది.

12. ఇంటిదారి పట్టే ముందు

టైర్ల గాలి రోడ్డు ఒత్తిడికి పెంచండి. వీల్ నట్లను టార్క్ రెంచ్‌తో చూసుకోండి, 80 కిలోమీటర్ల తరువాత మరోసారి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి, మాడు వాసన వస్తే కూలర్ చాలడం లేదు. కారు కింద పడుకుని యూ-జాయింట్లను చేత్తో కదిపి, బ్రేకు గొట్టాలు తాకి, ఆ రోజు టైమ్ స్లిప్ వెనకే అన్నీ రాసిపెట్టుకోండి.